గట్టు మీద మొదటి గంట

రోహిణి ఎండలు ముగిశాయి. మృగశిర కార్తె వచ్చింది. నాలుగు చినుకులు పడితే రాంబిల్లి మండలంలో ఆకుమడులు దున్నుతారు, చెరకు తోటల్లో కలుపు తీస్తారు, జీడి, సరుగుడు తోటల్లో తుప్పలు కొడతారు. విత్తనం ఎక్కడ దొరుకుతుంది, యూరియా ఎప్పుడొస్తుంది, కౌలు కార్డు ఇస్తారా ఇవ్వరా, బ్యాంకు అప్పు తిరగరాస్తారా అన్న లెక్కలు ప్రతి ఇంట్లో మొదలయ్యాయి. ఈ లెక్కల్లో ఎన్నడూ చేరని ఒక ప్రశ్న ఉంది. పొలంలో మనిషి పడిపోతే, వైద్యం అందేదాకా పక్కనున్న మనిషి ఏం చేయాలి?

108 ఉంది కదా అంటారు. నిజమే. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఆ సర్వీసు ఎన్నో ప్రాణాలు నిలిపింది. కానీ అంబులెన్సు రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. మన పొలాలు రోడ్డు పక్కన లేవు. వానాకాలం డొంకల్లో ఎడ్ల బండి కూడా దిగబడుతుంది. శారద, వరాహ నదులు సముద్రంలో కలిసే ఈ పల్లపు నేలలో గెడ్డ పొంగితే అవతలి గట్టు మీది మనిషి ఇవతలికి రావడమే కష్టం. ఫోన్ చేసినా ఎక్కడికి రమ్మని చెబుతాం? సర్వే నంబరు చెబితే డ్రైవరుకు అర్థం కాదు. "ఫలానా వారి చెరకు తోట వెనక" అంటే కాల్ సెంటరులో కూర్చున్నవారికి తెలియదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి, ఫోన్లు మూగబోయాయి. అటువంటి రోజున ఏ బండీ రాదు. ఉన్నది పక్క మనిషే.

అంటే పొలంలో జరిగే ప్రమాదంలో మొదటి గంట డాక్టరుది కాదు, అంబులెన్సుది కాదు. తోటి కూలీది, పక్క మడి రైతుది, ఇంట్లో ఆడవాళ్ళది. ఆ గంటలో వారు చేసే పని మనిషిని నిలబెట్టవచ్చు, చేతులారా చంపనూ వచ్చు. ఆ చేతులకు ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ నేర్పలేదు. ఈ సంపాదకీయం ఆ లోటు గురించే.

పట్టణాల్లో నేర్పే ప్రథమ చికిత్స ఒక ఊహ మీద నడుస్తుంది. పది, పదిహేను నిమిషాల్లో వైద్యం అందుతుందన్నది ఆ ఊహ. అందుకే "కదిలించకండి, అంబులెన్సు కోసం ఆగండి" అని నేర్పుతారు. కొండలెక్కేవారికి, అడవుల్లో పనిచేసేవారికి, దూర ప్రాంతాలకు వెళ్ళేవారికి చాలా దేశాల్లో వేరే శిక్షణ ఉంది. వైద్యం అందడానికి గంటకు మించి పట్టే చోటును దూర ప్రాంతంగా లెక్కించి, ఆ గంటకు పైబడిన కాలాన్ని ఎలా గడపాలో రెండు రోజుల్లో నేర్పుతారు. ఉన్న గుడ్డతో కట్టు ఎలా కట్టాలి, కర్రతో ఎముకకు ఆసరా ఎలా ఇవ్వాలి, నలుగురు కలిసి మనిషిని ఎలా మోయాలి, మోసుకెళ్తూ శ్వాసను ఎలా గమనించాలి అన్నవి అందులో పాఠాలు. మన జిల్లాలోనే పశ్చిమాన మాడుగుల, రావికమతం, గొలుగొండ వైపు కొండ మీది గూడేల వారికి, అల్లూరి జిల్లా మన్యం వారికి డోలీ మోయడం ఇప్పటికీ తప్పని పని. గంటకు మించిన దూరం అంటే ఏమిటో వారికి పుస్తకం చెప్పనవసరం లేదు. అదే కొలతతో చూస్తే రాత్రి పది గంటలకు, వానలో, మోటారు షెడ్డు దగ్గర పాము కరిచిన రాంబిల్లి రైతు కూడా దూర ప్రాంతంలో ఉన్నట్టే.

పాము కాటునే ముందు తీసుకుందాం. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటు వల్ల సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. వీటిలో దాదాపు 70 శాతం మరణాలు ఎనిమిది రాష్ట్రాల్లో జరిగాయి. వాటిలో తెలంగాణ కలిసి ఉన్న మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. దాదాపు సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్యనే సంభవించాయి. అంటే మనం నారు పోసి, ఊడ్పులు ఊడ్చి, కలుపు తీసే కాలంలోనే. చనిపోయినవారు ఎక్కువగా పల్లెల వారు. ఇది పేదవాడి జబ్బు, పొలం పనివాడి జబ్బు. అందుకే ఇది ఇన్నాళ్ళూ ఎవరి లెక్కలోనూ పడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాము కాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో ముందు వరుసలో చేర్చింది 2017లో. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది 2024 మార్చిలో. ప్రతి కాటునూ ఆసుపత్రులు తప్పనిసరిగా నమోదు చేసేలా చూడాలని రాష్ట్రాలకు లేఖ రాసింది అదే ఏడాది నవంబరులో. కాగితం మీద లక్ష్యం బాగుంది. ఆ లక్ష్యం మన గట్టు మీదికి ఎలా వస్తుందన్నదే మన ప్రశ్న.

ఇది సాధ్యమేనని పక్క దేశం చూపింది. నేపాల్ ఆగ్నేయ మైదానంలో దమక్ అనే పట్టణం ఉంది. దాని చుట్టూ మనలాగే వరి పండించే ఊళ్ళు. అక్కడ కొన్ని ఊళ్ళలో రెండే పనులు చేశారు. పాము కరిస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో ఊరూరా చెప్పారు. ఊళ్ళో మోటారు సైకిళ్ళున్న యువకులను వాలంటీర్లుగా పెట్టి, కాటు పడిన మనిషిని ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని వేగంగా చికిత్స కేంద్రానికి చేర్చారు. అంతకుముందు పాము కరిచిన ప్రతి వంద మందిలో పది మందికి పైగా చనిపోయేవారు. తర్వాత ఆ సంఖ్య ఒకటి కన్నా తక్కువకు, 0.5 శాతానికి పడిపోయింది. 2013లో ఈ ఫలితాలు వైద్య పత్రికలో అచ్చయ్యాయి. కొత్త ఆసుపత్రి కట్టలేదు, కొత్త మందు కనిపెట్టలేదు. మోటారు సైకిలు మనకూ ప్రతి వీధిలో ఉంది. లేనిది ఏర్పాటు, శిక్షణ.

ఇప్పుడు మనం చేస్తున్నదేమిటి? పాము కరవగానే తాడుతో బిగించి కట్టేస్తాం. బ్లేడుతో కోస్తాం. నోటితో పీలుస్తాం. పసరు పోస్తాం. మంత్రం వేయిస్తాం. పామును వెతికి చంపడానికి పది మంది కర్రలతో పరిగెడతారు, కాటు పడిన మనిషి దగ్గర ఒక్కరూ ఉండరు. బిగించిన తాడు కాలికి రక్తం అందకుండా చేసి కాలినే తీయించవచ్చు. బ్లేడు గాటు, రక్తం గడ్డకట్టనివ్వని రక్తపింజరి విషంతో కలిస్తే రక్తం ఆగదు. పసరు, మంత్రం చేసే పెద్ద నష్టం కాలం తినేయడం. మంత్రం వేసినవారి చేతిలో బతికినవాళ్ళున్నారు కదా అని ఊళ్ళో అడుగుతారు. ఉన్నారు. విషం లేని పాము కరిచినవాళ్ళు, విషమున్న పాము కరిచినా విషం ఎక్కించని కాటు పడ్డవాళ్ళు ఏ మంత్రం లేకపోయినా బతికేవారే. మంత్రం వేసే పెద్దలను ఎగతాళి చేయనవసరం లేదు. ఊరు వారిని నమ్ముతుంది. ఆ నమ్మకాన్నే వాడుకుని, "నా దగ్గరికి తేకండి, ముందు సూదికి తీసుకెళ్ళండి" అని వారి నోటనే చెప్పించగలిగితే పది ఉపన్యాసాల కన్నా మేలు.

చేయవలసింది కష్టమైనదేమీ కాదు. పాముకు దూరంగా జరగాలి. మనిషిని కూర్చోబెట్టి లేదా పడుకోబెట్టి ధైర్యం చెప్పాలి, నడవనివ్వకూడదు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు, కడియాలు వాపు రాకముందే తీసేయాలి. కాటు పడిన కాలిని, చేతిని విరిగిన ఎముకకు చేసినట్టే కర్ర ఆసరాతో కదలకుండా కట్టాలి. కట్టు కింద వేలు దూరేంత వదులుగా ఉండాలి. అప్పటికే ఎవరైనా తాడు బిగించి ఉంటే దారిలో ఒక్కసారిగా విప్పకూడదు, డాక్టరు ఎదుటే విప్పాలి. వాంతి అవుతున్నా, మగతగా ఉన్నా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. కరిచిన సమయం, కనురెప్పలు వాలిన సమయం, మాట ముద్దగా మారిన సమయం గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పాలి. పామును పట్టుకెళ్ళనవసరం లేదు. మన దేశంలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షను నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగు రకాల విషానికీ కలిపి తయారుచేసిందే. కట్లపాము సంగతి వేరుగా చెప్పుకోవాలి. అది రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారి కడుపునొప్పి, రెప్పలు వాలడం కనిపిస్తే అది కట్లపాము కాటు అని అనుమానించాలి. కళ్ళంలో కాపలా పడుకునేవారు మంచం మీద, దోమతెర అంచులు పక్క కిందికి దోపి పడుకోవడం ఉన్నవాటిలో చవకైన మందు.

రెండోది పురుగుమందు. ఇది మన చేతులతో మనమే మోసుకెళ్ళే విషం. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలలో మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు ప్రాణాలు కోల్పోయారు. వారు తాగి చనిపోలేదు. ఒంటి మీద పడి, పీల్చి చనిపోయారు. మనవద్ద కూడా చొక్కా విప్పి, ముఖానికి తువ్వాలు చుట్టి, గాలికి ఎదురుగా మందు కొట్టడం రోజూ చూసేదే. చెమట, చొంగ, కళ్ళలో నీళ్ళు, చూపు మసక, కండరాలు అదరడం కనిపిస్తే పని ఆపేయాలి. మనిషిని గాలి వచ్చే వైపుకు తీసుకెళ్ళి, తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో కనీసం పావుగంట కడగాలి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోవాలి, లేకపోతే విషం వారికీ ఎక్కుతుంది. మందు మింగినవారికి వాంతి చేయించకూడదు. మజ్జిగ, ఉప్పునీళ్ళు, చింతపండు రసం ఏదీ పట్టకూడదు. మందు డబ్బాను మనిషితోపాటు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఏ మందో తెలిస్తేనే విరుగుడు ఇవ్వగలరు. కొన్నిటికి అట్రోపిన్ ఉంది. పారాక్వాట్ కలుపు మందుకు ఏ విరుగుడూ లేదు.

ఇక్కడ ఒక విషయం రైతులందరికీ తెలియాలి. పురుగుమందుల వల్ల విషం ఎక్కితే ప్రథమ చికిత్స ఎలా చేయాలో పనివాళ్ళకు నేర్పాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలే చెబుతున్నాయి. తయారీదార్లు, పంపిణీదార్లు తగిన శిక్షణ ఏర్పాటు చేయాలని వాటిలో ఉంది. డబ్బాతో ఇచ్చే కాగితంలో విష లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు రాయాలని ఉంది. యాభై ఏళ్ళు దాటింది. ఏ కంపెనీ వచ్చి మన కూలీలకు ఏ శిక్షణ ఇచ్చింది? డీలర్ల సమావేశాలకు హోటళ్ళు బుక్ చేసే కంపెనీలకు, మందు కొట్టే కూలీకి రెండు గంటల శిక్షణ ఇవ్వడానికి తీరిక లేదు. చీమతల అక్షరాల్లో, మడత మీద మడతగా అచ్చువేసిన కాగితంతో చట్టం తీరిపోయిందని చేతులు దులుపుకుంటున్నారు.

మిగిలిన ప్రమాదాల జాబితా మనకు కొత్తది కాదు. తడి చేతులతో మోటారు స్టార్టరు పట్టుకుని, గాలికి తెగిపడిన తీగ తొక్కి కరెంటుకు బలవుతున్నవారున్నారు. పడిపోయిన మనిషిని చూసి ఆత్రంగా పట్టుకున్నవారు కూడా అతనితోపాటే పోతున్నారు. ముందు కరెంటు ఆపాలి. లైను తీగ తెగిపడితే దగ్గరకు పోకుండా 1912కి, సబ్‌స్టేషనుకు ఫోన్ చేసి సరఫరా ఆపించాలి. ఆ తర్వాతే మనిషిని తాకాలి. పిడుగుపాటుకు దేశంలో ఏటా రెండున్నర వేల మందికి పైగా చనిపోతున్నట్టు ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. పిడుగు పడిన మనిషి ఒంట్లో కరెంటు ఉంటుందని భయపడి ఎవరూ ముట్టుకోరు. అది తప్పు. ఆ మనిషిలో కరెంటు మిగలదు, వెంటనే ముట్టుకోవచ్చు. శ్వాస ఆగితే ఛాతీ మధ్య రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, రెండు అంగుళాల లోతున, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు నొక్కాలి. ఇది మాటలతో రాదు. బొమ్మ మీద చేయించి నేర్పితేనే వస్తుంది.

2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బకు వెయ్యి మందికి పైగా బలయ్యారు. ఒళ్ళు కాలిపోతూ మతి తప్పి మాట్లాడుతున్న మనిషిని నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసరడం ఆసుపత్రికి బయల్దేరకముందే చేయాల్సిన పని. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. అనకాపల్లి బెల్లం దేశమంతా పోతుంది. ఆ బెల్లం వండే పెనం దగ్గర పాకం మీద పడి కాలినవారికి ఇంకు, పళ్ళపొడి పూసే అలవాటు ఇప్పటికీ పోలేదు. ఇరవై నిమిషాలు చల్లని నీళ్ళు పోస్తే చాలు. తాటిచెట్టు మీంచి పడిన గీత కార్మికుడిని ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్ళు పట్టి ఎత్తుతారు. వెన్ను విరిగి ఉంటే ఆ ఎత్తడంతోనే జీవితాంతం మంచం పడతాడు. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి, నలుగురు ఒక్కసారిగా నులక మంచం మీదో చెక్క మీదో చేర్చాలి. నదీముఖంలో, గెడ్డలో మునిగిన పిల్లవాడిని తలకిందులుగా వేలాడదీసి, కడుపు నొక్కి నీళ్ళు కక్కించాలని చూస్తారు. కావలసింది నీళ్ళు కక్కించడం కాదు, శ్వాస ఇవ్వడం.

ఇప్పుడు కంచె అవతలికి చూద్దాం. మన పక్కనే అచ్యుతాపురం సెజ్ ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె, ఆ పెట్టెకు శిక్షణ సర్టిఫికెట్ ఉన్న మనిషి, 500 మంది దాటితే అంబులెన్సు గది ఉండాలని రాశారు. పోరాడి సాధించుకున్న హక్కు అది. అమలు ఎలా ఉందో 2024 ఆగస్టు 21న ఆ సెజ్‌లో ఒక మందుల కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయినప్పుడు రాష్ట్రమంతా చూసింది. అయినా అడగడానికి అక్కడ ఒక చట్టం ఉంది. కంచెకు ఇవతల చెరకు నరికే కూలీకి, ఊడ్పులు ఊడ్చే ఆడకూలీకి ఆ మాత్రం కాగితం కూడా లేదు. వ్యవసాయంలో భద్రత, ఆరోగ్యంపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 184వ ఒప్పందం 2001లో వచ్చింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. పొలం పనివాళ్ళకు కాస్త దగ్గరగా వచ్చిన చట్టం 2005 నాటి ఉపాధి హామీ చట్టమే. పని చోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని దాని రెండో షెడ్యూలు చెప్పింది. పెట్టె వచ్చిన చోట కూడా దాన్ని వాడడం వచ్చిన మనిషి లేడు. ఉపాధి పని రేపు ఏ పేరుతో సాగినా ఆ పెట్టె ఉండాల్సిందే, దాన్ని వాడే మేటుకు శిక్షణ ఇవ్వాల్సిందే.

మన కార్యకర్తల్లోనే కొందరికి ఒక సందేహం రావచ్చు. ఆసుపత్రిలో డాక్టరును పెట్టమని, మందులుంచమని పోరాడాల్సిన సంఘం, కట్లు కట్టడం నేర్పుతూ కూర్చుంటే ప్రభుత్వం బాధ్యత నుంచి తప్పించుకోదా? ఈ సందేహం న్యాయమైనదే. వైద్యాన్ని ప్రైవేటుకు వదిలేసి, "మీ ఆరోగ్యం మీ చేతుల్లో" అని గోడల మీద రాసే పాలకులు దీన్ని కూడా అలాగే వాడుకోవచ్చు. కానీ ప్రథమ చికిత్స ఆసుపత్రికి బదులు కాదు, ఆసుపత్రి దాకా తీసుకెళ్ళే వంతెన. వంతెన అవతలి ఒడ్డున విరుగుడు లేకపోతే వంతెన దండగ. ఇంకో మాట కూడా ఉంది. విరుగుడు ఇంజెక్షన్లు మొదటి విడతలోనే ఎనిమిది నుంచి పది దాకా కావాలని తెలిసిన రైతు, "మన పీహెచ్‌సీలో ఎన్ని ఉన్నాయి?" అని అడుగుతాడు. విషం రక్తంలో చేరిందో లేదో తెలుసుకోవడానికి గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదల్చకుండా ఉంచి చూస్తారని తెలిసిన అమ్మ, "ఆ పరీక్ష చేశారా?" అని అడుగుతుంది. తెలియని జనం దండం పెడతారు, తెలిసిన జనం లెక్క అడుగుతారు. శిక్షణ ఉద్యమానికి అడ్డం కాదు, దానికి పదును.

డబ్బు లెక్క కూడా ఇందులో ఉంది. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో మనలో చాలామంది చేరి ఉన్నారు. బ్యాంకు ఖాతా నుంచి ఆ డబ్బు కోత పడడమే తప్ప మిగతాది ఎవరికీ తెలియదు. పాము కాటు, చెట్టు మీంచి పడడం వంటి మరణాలకు వెంటనే చేర్చిన ఆసుపత్రి రికార్డు ఆధారంగా ఉండాలి. మంత్రం దగ్గర, పసరు దగ్గర చనిపోయిన మనిషికి ఆ కాగితం ఉండదు. మనిషీ పోతాడు, కుటుంబానికి రావలసిన రెండు లక్షలూ పోతాయి. కౌలు రైతు కుటుంబానికి ఆ సొమ్ము అప్పుకూ రోడ్డుకూ మధ్య నిలిచే అడ్డుగోడ.

ప్రభుత్వాన్ని మేము అడిగేవి ఇవి. పీహెచ్‌సీల్లో, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో పాము కాటు విరుగుడు, అట్రోపిన్, ఆక్సిజన్ ఏడాది పొడవునా ఉంచాలి. ఎన్ని ఉన్నాయో జూన్ నుంచి ప్రతి వారం బోర్డు మీద రాయాలి. రాత్రివేళ విరుగుడు మొదలుపెట్టకుండానే జిల్లా ఆసుపత్రికో, విశాఖ కేజీహెచ్‌కో పంపించే పద్ధతి మానాలి. మొదటి మోతాదు ఇచ్చాకే పంపాలి. ప్రతి రైతు సేవా కేంద్రంలో ప్రథమ చికిత్స సంచి ఉండాలి. గ్రామ వ్యవసాయ సహాయకులకు, ఉపాధి మేట్లకు, ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ సిబ్బందికి ఏటా ఖరీఫ్‌కు ముందే రెండు రోజుల శిక్షణ ఇవ్వాలి. పురుగుమందుల కంపెనీలు, డీలర్లు చట్టం చెప్పిన శిక్షణ ఇచ్చినట్టు రుజువు చూపితేనే లైసెన్సులు కొనసాగించాలి. డొంకలకు, మోటారు షెడ్లకు నంబర్లు ఇచ్చి, ఆ నంబర్లు 108 వారి దగ్గర ఉండేలా చూడాలి.

అడిగి ఊరుకోవడం సంఘం పద్ధతి కాదు. మనం చేయగలిగినవి మనమే మొదలుపెట్టాలని ప్రతిపాదిస్తున్నాం. పంచాయతీకి ఇద్దరు చొప్పున, వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళ, ముందుకు రావాలి. ఊడ్పులు ఊడ్చేది, కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. పొలంలో మొదట పలికేదీ వారే. శిక్షణ హాల్లో కుర్చీలు వేసి చెప్పేది కాకూడదు. గట్టు మీద, బురదలో, చెరకు మొక్కల మధ్య, చీకట్లో టార్చి వెలుగులో చేయాలి. నులక మంచంతో, రెండు వెదుళ్ళు, ఒక దుప్పటితో మనిషిని అర కిలోమీటరు మోసి చూడాలి. మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య మనిషిని కూర్చోబెట్టి డొంక దాటి చూడాలి. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్సు వంటి సంస్థలు సర్టిఫికెట్ శిక్షణలు ఇస్తాయి. వాటిని మన మండలానికి రప్పించడం సంఘం బాధ్యత. జిల్లాలో కొండెంపూడి కృషి విజ్ఞాన కేంద్రం, అనకాపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నాయి. పురుగుమందు పాఠానికి వారిని పిలవాలి. బయటివారి కోసం ఎదురుచూడకుండా ఊరివాళ్ళే ఊరి పని చేసుకోవచ్చని చెప్పే ఉదాహరణ మన మండలంలోనే ఉంది. దిమిలి బిడ్డ భాగవతుల పరమేశ్వరరావు అమెరికాలో అణుశాస్త్రం చదివి సొంత ఊరికి తిరిగొచ్చి, 1976లో భాగవతుల చారిటబుల్ ట్రస్టు స్థాపించింది ఆ నమ్మకంతోనే.

సంచిలో ఏముండాలంటే పెద్ద జాబితా అక్కర్లేదు. శుభ్రమైన గుడ్డలు, వెడల్పాటి కట్టు పట్టీలు, సబ్బు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, రబ్బరు చేతి తొడుగులు, టార్చి, కత్తెర, ఆసరాకు రెండు చెక్కలు, ఒక పెన్ను, ఫోన్ నంబర్లు రాసిన అట్ట. ఊళ్ళో రాత్రివేళ బండి తీయగల నలుగురు యువకుల పేర్లు ఆ అట్ట మీద ఉండాలి. దగ్గరలో విరుగుడు ఉన్న ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని రాసుకోవాలి. పాము కరిచాక కనుక్కుంటే ఆలస్యమే. ఖర్చు లెక్కవేస్తే ఒక ఎరువుల బస్తా ధరకు అటూఇటూ. సంఘం సభ్యత్వ రుసుములోంచి పంచాయతీకి ఒక సంచి కొనడం మనకు భారం కాదు.

పంటకు చీడ పడితే ఏ మందు కొట్టాలో మనకు తెలుసు. ఆవుకు కడుపు ఉబ్బితే ఏం పట్టాలో తెలుసు. పక్కన పడిపోయిన మనిషికి ఏం చేయాలో కూడా తెలియాలి. ఆకుమడిలో విత్తనం పడేలోగా ప్రతి గ్రామ కమిటీ కూర్చుని ఇద్దరి పేర్లు రాసి మండల కమిటీకి పంపాలి. పేర్లు వచ్చిన వరుసలోనే శిక్షణ తేదీలు వేద్దాం. విరుగుడు నిల్వల లెక్క చెప్పమని పీహెచ్‌సీకి ఈ వారమే రాతపూర్వకంగా అర్జీ పెడదాం. జవాబు వచ్చినా రాకపోయినా వచ్చే నెల సంచికలో ఆ సంగతి అచ్చువేస్తాం.